మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చివరి సంవత్సరం: పేపర్లన్నీ పాసైనా పట్టా ఎక్కడ ఆగుతుంది?

అరండల్‌పేట విద్యార్థి:
సభ్యులకు నమస్కారం. గుంటూరులో ఒక ప్రైవేటు సంస్థలో లెక్కలు రాసే ఉద్యోగం చేసుకుంటూ మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చదువుతున్నాను. ఇప్పుడు ఐదో సెమిస్టరు నడుస్తోంది. నాలుగు సెమిస్టర్ల ఇరవై పేపర్లూ మొదటి ప్రయత్నంలోనే గట్టెక్కాయి కనుక, మిగిలిన పది కూడా రాసేస్తే పట్టా చేతికి వచ్చినట్టేనని ఇన్నాళ్లూ ధీమాగా ఉన్నాను. పోయిన వారం కళాశాల నోటీసు బోర్డులో హాజరు తక్కువైన వారి జాబితా పెట్టారు. అందులో నా నంబరు ఉంది. అన్ని సబ్జెక్టులూ కలిపితే 72 శాతం వస్తోంది గాని, కార్మిక చట్టాల పేపరులో మాత్రం ఇప్పటికి జరిగిన 48 తరగతులకు నేను వెళ్లినవి 31. అది ఉదయం మొదటి పీరియడ్. నెలాఖరు రోజుల్లో ఆఫీసుకు పెందలాడే వెళ్లవలసి రావడంతో ఆ తరగతే ఎక్కువగా తప్పిపోయింది.

దీనికి తోడు ఇంటర్న్‌షిప్ బెంగ ఒకటి. మొదటి సంవత్సరంలో ఒక న్యాయవాది దగ్గర నాలుగు వారాలు, రెండో ఏట మూడు వారాలు చేశాను. పన్నెండు వారాలు ఉండాలంటున్నారు. ఇంకా ఐదు వారాలు ఎక్కడ, ఎలా చేయాలి? కోర్టులో చూసినవి రాసి పరీక్షకు చూపవలసిన రికార్డులూ డైరీలూ రాసి పెట్టేవాళ్లు ఉన్నారని, డబ్బిస్తే వారంలో తయారవుతాయని తోటి విద్యార్థులు చెబుతున్నారు. నాకు మనసొప్పడం లేదు, అయితే అందరూ అదే చేస్తున్నప్పుడు నేనొక్కడినే వెనకబడిపోతానేమోనన్న భయమూ ఉంది. తెలిసినవారు చెప్పగలరు.

పటమట జూనియర్:
మీరు అనవసరంగా బెంగ పెట్టుకుంటున్నారు. నేను బెజవాడలో చదివి రెండేళ్ల క్రితం న్యాయవాదిగా ఎన్‌రోల్ అయ్యాను. హాజరు తక్కువైన ప్రతిసారీ కండొనేషన్ ఫీజు (లోటును మన్నించడానికి తీసుకునే ఫీజు) కట్టాను, హాల్ టికెట్ వచ్చింది. నా రికార్డు నేను రాయలేదు. వైవాకు (మౌఖిక పరీక్షకు) వచ్చిన ఎగ్జామినర్ దాని మొదటి పేజీ తప్ప తిప్పి చూడలేదు. పేపర్ల మీద దృష్టి పెట్టండి, మిగతావి వాటంతట అవే సర్దుకుంటాయి.

నంబూరు అధ్యాపకురాలు:
జూనియర్ గారు తనకు జరిగింది చెప్పారు, దాన్ని నేను కాదనను. ఒకరికి ఎలాగో జరిగిపోయినదాన్ని మరొకరు నియమంగా పట్టుకుంటే మాత్రం సెమిస్టరు పోతుంది. న్యాయశాస్త్రం బోధించే దానిగా ప్రతి ఏటా ఈ గోడు వింటున్నాను కనుక కొంచెం వివరంగా రాస్తాను.

న్యాయవిద్యను, న్యాయవాద వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో తెచ్చిన న్యాయవిద్యా నియమాల్లో హాజరు సంగతి 12వ నియమంలో ఉంది. ఒక సబ్జెక్టులో సెమిస్టరు చివరి పరీక్ష రాయాలంటే ఆ సబ్జెక్టు తరగతుల్లోనే కాక, దానికి సంబంధించిన ట్యుటోరియళ్లు, మూట్ కోర్టు (నమూనా కోర్టు) అభ్యాసాలు, ప్రాక్టికల్ శిక్షణల్లో కూడా 70 శాతం హాజరు ఉండాలి. అసాధారణమైన కారణం ఉన్నప్పుడు ప్రిన్సిపాల్ అనుమతి ఇవ్వవచ్చు గాని, దానికి రెండు షరతులు ఒకేసారి నెరవేరాలి: ఆ సబ్జెక్టులో కనీసం 65 శాతం, అన్ని సబ్జెక్టులూ కలిపి 70 శాతం. అలా మినహాయింపు పొందినవారి పేర్లు కారణాలతో సహా బార్ కౌన్సిల్‌కు వెళ్లాలి. ఈ నియమంలో ఫీజు అన్న మాటే లేదు. ఫీజు కడితే సరిపోతుందనుకునేవారు రసీదును చూస్తున్నారు తప్ప దాని వెనక ఉండవలసిన 65 శాతాన్ని చూడడం లేదు.

ఇక విద్యార్థి గారి లెక్క. 48కి 31 అంటే 64.58 శాతం, అంటే ఒక్క తరగతి తేడాతో మీరు 65కు దిగువన ఉండిపోయారు. ఈ సెమిస్టరులో ఆ సబ్జెక్టుకు ఇంకా ఎన్ని తరగతులు మిగిలాయో చెప్పగలరా?

అరండల్‌పేట విద్యార్థి:
టైమ్ టేబుల్ ప్రకారం ఇంకా 12 ఉన్నాయి మేడమ్.

నంబూరు అధ్యాపకురాలు:
అయితే మొత్తం 60. డెబ్బై శాతానికి 42 కావాలి, అంటే మిగిలిన పన్నెండింటిలో పదకొండుకు మీరు వెళ్లాలి. అరవై ఐదు శాతానికి 39 చాలు, అంటే ఎనిమిది. పదకొండు గురి పెట్టుకోండి, ఎనిమిదికి దిగకండి. ఎనిమిదితో ఆగితే ప్రిన్సిపాల్ గారి దయ మీద ఆధారపడాలి. పైగా ‘ఆఫీసులో నెలాఖరు పని’ అన్నది అసాధారణ కారణంగా నిలుస్తుందని నేను అనుకోను. మీ పై అధికారిని ఇప్పుడే అడిగి ఆ పన్నెండు ఉదయాలూ ఖాళీ చేయించుకోండి.

ఇంకొక మాట. మీ ఉద్యోగం సంగతి కళాశాలకు రాతపూర్వకంగా తెలుసా? 2024 సెప్టెంబరులో బార్ కౌన్సిల్ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం చివరి మార్కుల జాబితా, పట్టా ఇచ్చే ముందు విద్యార్థి కొన్ని ప్రకటనలు ఇవ్వాలి. తన మీద క్రిమినల్ కేసులేమైనా ఉన్నాయా, ఎల్‌ఎల్‌బీతో పాటు మరో రెగ్యులర్ కోర్సు చదివారా, చదువుకాలంలో ఉద్యోగం చేశారా, చేస్తే యాజమాన్యం నుంచి నిరభ్యంతర పత్రం ఉందా అన్నవి అందులో ఉన్నాయి. బయోమెట్రిక్ హాజరు గురించి చెప్పినదీ ఆ సర్క్యులరే. నిరభ్యంతర పత్రం లేకపోతే ఇప్పుడే తెచ్చుకోండి, పట్టా ముంగిట పరుగులు పెట్టే కంటే అది సులువు.

కృష్ణలంక మూడో సంవత్సరం:
హాజరు తక్కువైందన్న కారణంతో న్యాయ విద్యార్థులను పరీక్షకు దూరం పెట్టకూడదని ఢిల్లీ హైకోర్టు 2025 నవంబరులో తీర్పు ఇచ్చింది కదా. హాజరు నియమాలను మళ్లీ పరిశీలించమని బార్ కౌన్సిల్‌కు కూడా చెప్పింది. ఆ తీర్పు చూపిస్తే సరిపోదా?

గవర్నర్‌పేట న్యాయవాది:
ఆ తీర్పు చదవవలసినదే, ముఖ్యంగా విద్యార్థుల మానసిక స్థితి గురించి అది చెప్పిన భాగం. కానీ ఢిల్లీ హైకోర్టు తీర్పు మన హైకోర్టును బంధించదు. మన కోర్టు దాన్ని గౌరవంగా చూసి ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోనూ వచ్చు. పరీక్షకు నాలుగు రోజుల ముందు మన హైకోర్టు ఉన్న నేలపాడు వెళ్లి రిట్ వేసి, మధ్యంతర ఉత్తర్వు వచ్చిందా లేదా అని ఎదురుచూస్తూ కూర్చోవడం కంటే పదకొండు ఉదయాలు తరగతికి వెళ్లడం చవక. ఇరవై రెండేళ్లుగా ఇతరులకు రిట్లు వేసి బతుకుతున్నవాడిగా చెబుతున్నాను.

ఇప్పుడు నేను అసలు రాయాలనుకున్నది నాలుగో క్లినికల్ (ప్రాక్టికల్) పేపరు గురించి. హాజరు లెక్క మేడమ్ గారు తేల్చేశారు. రికార్డు కొనుక్కోవచ్చునన్న మాటకు ఇంతవరకూ ఎవరూ సరిగా జవాబు చెప్పలేదు.

మూడేళ్ల కోర్సులో తప్పనిసరి న్యాయ పేపర్లు ఇరవై, ఐచ్ఛికాలు ఆరు, క్లినికల్ పేపర్లు నాలుగు. ముసాయిదాలు, ప్లీడింగులు, దస్తావేజులు ఒకటి. వృత్తి నీతి, లెక్కల నిర్వహణ ఒకటి. ప్రత్యామ్నాయ వివాద పరిష్కారం ఒకటి. మూట్ కోర్టు, ఇంటర్న్‌షిప్ కలిపి ఒకటి. ఈ చివరిదాని నూరు మార్కులు ఎలా పంచారో చూడండి. మూడు మూట్ కోర్టులకు పదేసి చొప్పున ముప్పై. ఒక సివిల్, ఒక క్రిమినల్ కేసు విచారణను స్వయంగా గమనించి రాసినందుకు ముప్పై. న్యాయవాది ఆఫీసులోగాని, న్యాయ సహాయ కేంద్రంలోగాని కక్షిదారులతో జరిగే రెండు ముఖాముఖీలు చూసి రాసినందుకు పదిహేను, కాగితాల తయారీ, ఫైలింగ్ పద్ధతి రాసినందుకు పదిహేను. వైవాకు పది. రాసేవాడు కోర్టు గుమ్మం తొక్కకుండా ఇందులో అరవై మార్కుల భాగం ఎవరూ నిజాయితీగా రాయలేరు. కొన్న రికార్డులో ఎప్పుడూ ఒకే ప్రామిసరీ నోటు దావా, ఒకే దొంగతనం కేసు ఉంటాయి. ఎగ్జామినర్‌కు ఆ కథ కంఠతా వచ్చేసి ఉంటుంది. జూనియర్ గారి రికార్డులో రెండో పేజీ తిప్పకపోవడానికి అదే కారణం కావచ్చు.

స్వయంగా వెళితే ఏం కనబడుతుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. మీ తరగతిలో, పాత శిక్షాస్మృతి ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత చదివి ఉంటారు. కోర్టు హాలులో కూర్చుంటే ముద్దాయి మీద చార్జి ఐపీసీ 324 కింద ఉంటుంది, ఎందుకంటే నేరం జరిగినది 2024 జూలై 1కి ముందు. ఆ పక్క కేసులో అదే రకం దెబ్బలకు సంహితలోని 118(1) కింద చార్జి. ఒకే రోజు, ఒకే న్యాయమూర్తి ముందు, రెండు చట్టాలు పక్కపక్కనే నడుస్తాయి. పాత కేసుల విచారణ పాత నేర ప్రక్రియా స్మృతి కిందే సాగడానికి కారణమైన మినహాయింపు సెక్షన్లు పుస్తకంలో చివరి పేజీల్లో ఉంటాయి. వాటిని తరగతిలో ఎవరూ చదివించరు. కోర్టులో అరగంట కూర్చున్నవాడు వాటిని మరచిపోడు.

సివిల్ వైపు ప్రామిసరీ నోటు దావానే చూడండి, తప్పు లేదు, మన జిల్లాల్లో వాటికి కొదవా? వాది ముఖ్య సాక్ష్యం అఫిడవిట్ రూపంలో ముందే దాఖలు చేస్తాడు కనుక, వాది బోనెక్కి కథంతా చెబుతాడని ఎదురుచూసే విద్యార్థి నిరాశ పడతాడు. నోటును వాది మొదటి దస్తావేజుగా ‘ఎ-1’ అని గుర్తిస్తారు, నేరుగా క్రాస్ (ఎదుటి పక్షం ప్రశ్నలు) మొదలవుతుంది. నోటు రాసిన లేఖరిని, సాక్షి సంతకం చేసినవాడిని ఎందుకు పిలిచారు, తన సంతకం కాదని ప్రతివాది అంటే దాన్ని రుజువు చేసే భారం ఎవరి మీద పడింది, మూడేళ్ల కాలపరిమితి లోపల దావా వేశారా, వడ్డీ కింద కొంత జమ చేసినట్టు నోటు వెనక రాసుకుంటే ఆ కాలపరిమితి ఏమవుతుంది. ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు రాసుకోండి, మీ సివిల్ పరిశీలన అక్కడితో పూర్తవుతుంది.

పటమట జూనియర్:
సర్, మీరు రాసినది చదివాక నా మొదటి పోస్టు కొంత వెనక్కు తీసుకోవలసి వస్తోంది. నేను వేసిన మొదటి దావా ఫైలింగ్ సెక్షన్ నుంచి మూడుసార్లు రిటర్న్ అయింది. ఒకసారి కోర్టు ఫీజు లెక్క తప్పు, ఒకసారి దస్తావేజుల జాబితాలో తేదీ లేదు, మూడోసారి వకాల్తా మీద న్యాయవాదుల సంక్షేమ నిధి (వెల్ఫేర్) స్టాంపు అంటించలేదు. ఫైలింగ్ పద్ధతి పదిహేను మార్కుల భాగాన్ని నేను ఇంకొకరి చేత రాయించుకున్నాను కదా, దాని ఖరీదు అప్పుడు తెలిసింది. సీనియర్ గారి గుమాస్తా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక పూటలో నేర్పారు.

కానీ ఒక్క మాట చెప్పక తప్పదు. విద్యార్థులు వెళ్లడం లేదని అందరూ అంటారు గాని, వెళ్లినవాడికి ఏం నేర్పుతున్నారు? నేను రెండు వారాలు ఒక ఆఫీసుకు వెళ్లాను. జిరాక్సులు తీయడం, టీ తేవడం, వాయిదా తేదీలు డైరీలో ఎక్కించడం తప్ప మరేమీ చేయలేదు. కక్షిదారు లోపలికి రాగానే నన్ను బయటకు పంపేవారు. ముఖాముఖీ చూసి రాయమంటే ఎక్కడ చూడాలి?

గవర్నర్‌పేట న్యాయవాది:
ఆ ఫిర్యాదు న్యాయమైనదే. మా తరం నేర్చుకున్నది అలాగే కనుక నేర్పేదీ అలాగే అయిపోయింది. ముఖాముఖీ కోసం ప్రైవేటు ఆఫీసునే పట్టుకుని వేలాడవద్దు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. సహాయం కోరి వచ్చేవారితో ప్యానెల్ న్యాయవాదులు మాట్లాడే తీరు అక్కడ చూడవచ్చు. లోక్ అదాలత్ రోజున వెళితే రాజీ ఎలా కుదురుతుందో కూడా కనబడుతుంది, ప్రత్యామ్నాయ పరిష్కారం పేపరుకు అదీ పనికొస్తుంది. కక్షిదారు అసలు పేరు మాత్రం మీ డైరీలో రాయకండి.

సత్యనారాయణపురం తల్లి:
మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. మా అబ్బాయి ఇంటర్ తర్వాత ఐదేళ్ల బి.ఎ. ఎల్‌ఎల్‌బీలో చేరి మూడో సంవత్సరంలో ఉన్నాడు. ఇక చదవనంటున్నాడు. మూడేళ్లు అయ్యాయి కనుక బి.ఎ. పట్టా ఇచ్చి పంపిస్తారా?

నంబూరు అధ్యాపకురాలు:
ఇవ్వరమ్మా. రెండు పట్టాల సమీకృత కోర్సును మధ్యలో విడగొట్టి ఒక పట్టా ఇవ్వడాన్ని 13వ నియమం నిషేధించింది. డిగ్రీ ఉన్నదని చెప్పి మధ్యలో చేరడమూ కుదరదు. మానేస్తే మూడేళ్లూ లెక్కలోకి రావు. మిగిలిన రెండేళ్లలో అతనికి ఏది కష్టంగా ఉందో ముందు కనుక్కోండి. చాలామంది తెలుగు మాధ్యమం పిల్లలు ఇంగ్లీషు దగ్గర ఆగిపోతారు. తెలుగులో జవాబులు రాయడానికి విశ్వవిద్యాలయం అనుమతిస్తే రాయవచ్చు, అయితే అప్పుడు ఇంగ్లీషు పేపరు తప్పనిసరిగా పాసవ్వాలి.

అరండల్‌పేట విద్యార్థి:
ఇంటర్న్‌షిప్ ఐదు వారాల సంగతి ఇంకా తేలలేదు. ఏ సంవత్సరంలోనైనా వరుసగా నాలుగు వారాలకు మించకూడదని నియమం అంటోంది. నాకు మిగిలినది ఐదు. ఈ ఒక్క సంవత్సరంలో అవి పూర్తి చేయవచ్చా?

కృష్ణలంక మూడో సంవత్సరం:
చేయవచ్చు. నియమంలో ఉన్నది ‘వరుసగా’ అన్న మాట. మూడు వారాలు చేసి, పదిహేను రోజులు ఆగి, మరో రెండు వారాలు చేస్తే ఎక్కడా నాలుగు దాటదు.

నంబూరు అధ్యాపకురాలు:
మీరు చదివిన తీరు మాటల ప్రకారం సరైనదే. అయితే మూడేళ్లకు పన్నెండు, ఏడాదికి నాలుగు అన్న లెక్కను బట్టి, ఏ సంవత్సరంలోనూ మొత్తం నాలుగుకు మించకూడదన్నదే ఆ నియమం ఉద్దేశమని చదివేవారూ ఉన్నారు. ఏ కళాశాల ఎలా చదువుతుందో ముందుగా ఊహించలేం కనుక, మొదలుపెట్టే ముందే ప్రిన్సిపాల్‌కు ఒక అర్జీ రాసి, ఏయే తేదీల్లో ఎవరి దగ్గర చేస్తారో చూపి, అనుమతి సంతకం తీసుకోండి. పూర్తయ్యాక అడిగితే వచ్చే జవాబు వేరు, ముందు అడిగితే వచ్చే జవాబు వేరు. ట్రయల్, అప్పిలేట్ న్యాయవాదుల దగ్గర కనీసం ఒక్కసారైనా చేసి ఉండాలన్న షరతు కూడా ఉంది. జిల్లా కోర్టులో ఎ.ఎస్. (అప్పీలు దావా) నంబర్లతో నడిచే అప్పీళ్లు చూసే న్యాయవాది అయితే గుంటూరు దాటనవసరం లేదు. తెల్ల చొక్కా, నల్ల టై, నల్ల కోటు వేసుకుని వెళ్లండి. గౌను, బ్యాండ్లు మీకు ఇంకా రావు.

బ్రాడీపేట బి.ఎల్.:
మేము చదివిన రోజుల్లో ఇవేవీ లేవు, పట్టా పుచ్చుకుని నేరుగా బార్‌లో నమోదయ్యేవాళ్లం. ఇప్పటి పిల్లలకు పట్టా తర్వాత కూడా మెట్లున్నాయి కనుక, ఒక్క సెమిస్టరు ఆలస్యమైతే ఎంత వెనక్కు పోతారో ఎవరైనా చెప్పాలి.

ప్రొవిజనల్ సర్టిఫికెట్ రాగానే ఆంధ్రప్రదేశ్ బార్ కౌన్సిల్‌లో నమోదు. చట్టంలో ఉన్న 750 రూపాయలకు, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలకు మించి నమోదు ఫీజు వసూలు చేయరాదని 2024 జూలై 30న సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తర్వాత అఖిల భారత బార్ పరీక్ష. 100 ప్రశ్నలు, వ్యాఖ్యానాలు లేని చట్టాల ప్రతులు వెంట తీసుకువెళ్లవచ్చు. ఈ పరీక్ష పెట్టే అధికారం బార్ కౌన్సిల్‌కు ఉందని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది కనుక దాని మీద ఇక వాదనలు అనవసరం. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలనుకునేవారికి మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న వచ్చిన తీర్పు ఇంకా ముఖ్యం. ఆ మూడేళ్లూ ప్రొవిజనల్ (తాత్కాలిక) నమోదు తేదీ నుంచి లెక్కిస్తారు. ఒక పేపరులో హాజరు పోయి ఏడాది ఆగితే ఆ మూడేళ్ల లెక్క కూడా ఏడాది ఆలస్యంగా మొదలవుతుంది.

విద్యార్థి గారూ, మీకు నచ్చని మాట ఒకటి చెబుతాను. జీతం మీద పూర్తికాల ఉద్యోగం చేస్తూ ప్రాక్టీసు చేయడానికి బార్ కౌన్సిల్ 49వ నియమం ఒప్పుకోదు. నమోదు నాటికి ఆ లెక్కల ఉద్యోగం వదులుకోవాలి.

అరండల్‌పేట విద్యార్థి:
ఆ సంగతి తెలుసునండీ. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

అరండల్‌పేట విద్యార్థి (నాలుగు వారాల తర్వాత):
మళ్లీ రాస్తున్నాను. పన్నెండు తరగతుల్లో ఇప్పటికి తొమ్మిది జరిగాయి, తొమ్మిదింటికీ వెళ్లాను. నిరభ్యంతర పత్రం మా యజమాని మొదట ఇవ్వనన్నారు. పని గంటలకు ఆటంకం లేదని నేను రాసి ఇచ్చాక సంతకం చేశారు. ఇంటర్న్‌షిప్‌కు ప్రిన్సిపాల్ గారు మూడు వారాలు, తర్వాత రెండు వారాలు అన్న విభజనకే అనుమతి రాశారు. మొదటి విడత సగం అయింది. రోజూ పదిన్నరకు కాల్ వర్కు (ఆ రోజు కేసులను వరుసగా పిలవడం) నుంచి కూర్చుంటున్నాను.

ప్రామిసరీ నోటు దావా ఒకటి దొరికింది. పి.డబ్ల్యూ.2గా (వాది పక్షం రెండో సాక్షిగా) వచ్చిన లేఖరి పెద్దాయన. నోటు రాసినప్పుడు ప్రతివాది ఏ చేత్తో సంతకం పెట్టాడని డిఫెన్సు న్యాయవాది అడిగితే, ఆయన కాసేపు ఆలోచించి, నేను నోటు రాస్తూ తల వంచుకుని ఉన్నానండీ అన్నారు. ఆ జవాబు వాదికి మంచి చేసిందా, చెడు చేసిందా అని నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. క్రిమినల్ కేసు మాత్రం రెండుసార్లు వెళ్లినా వాయిదా పడింది. డైరీలో ‘వాయిదా’ అని రాసి తేదీ వేశాను.

గవర్నర్‌పేట న్యాయవాది:
లేఖరి జవాబును ఆయన అన్న మాటల్లోనే రాసుకోండి, మీ అభిప్రాయం దాని కింద విడిగా రాయండి. వాయిదా అని రాసి వదిలేయకండి. సాక్షికి సమన్లు అందలేదా, ముద్దాయి రాలేదా, మెడికల్ ఆఫీసరు మరో కోర్టులో ఉన్నారా, బెంచి క్లర్కును అడిగి కారణం రాయండి. నేను వైవాకు వెళితే మొదట అడిగేది అదే.